సంక్రాంతి నొప్పికి సానుభూతి, జిమ్ నొప్పికి సాధింపులా?

మన ఇళ్ళల్లో ఒక వింత న్యాయం ఉంది, గమనించారో లేదో. సంక్రాంతికి వారం ముందు నుంచీ బూజులు దులిపి, అటక మీద సామానంతా దించి, తోమి, మళ్ళీ ఎక్కించి, ఆ రాత్రి నడుం పట్టుకుని కూలబడితే "పాపం, ఒక్కత్తే ఎంత పని చేసిందో" అంటారు. అదే మనిషి వారానికి రెండు రోజులు ఓ ముప్పావుగంట డంబెల్స్ పట్టుకుని, మర్నాడు మెట్లు దిగుతూ "అమ్మా" అందనుకోండి, "ఎవరు చేయమన్నారు? హాయిగా ఉన్న ఒంటికి నొప్పులు కొనితెచ్చుకోవడం కాకపోతే!" అంటారు. కండ అదే, నొప్పి అదే. ఇంటి కోసం వస్తే త్యాగం, తన కోసం వస్తే తిక్క.

ఈ న్యాయం నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో ఇవాళ తీరిగ్గా చెప్తాను.

"ఆడవాళ్ళకి బరువులెందుకమ్మా?" అని అడిగేవాళ్ళని ఒక్కసారి మన వంటింట్లోకి రమ్మనండి. నిండు సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే 30 దాకా తూగుతుంది. గుమ్మం నుంచి పొయ్యి దాకా దాన్ని దొర్లించేదెవరు? 20 లీటర్ల మంచినీళ్ళ టిన్ను ఎత్తేదెవరు? ఒక చంకలో పిల్లాడిని, ఇంకో చేత్తో కూరగాయల సంచీని పట్టుకుని మెట్లెక్కేదెవరు? అప్పుడు నోరు మెదపనివాళ్ళు రెండు కిలోల డంబెల్ చూడగానే "గర్భసంచి జారుతుంది జాగ్రత్త" అని హడలగొడతారు. నిజంగా ఆ సమస్య ఉన్నవాళ్ళు, కొత్తగా కాన్పయినవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు, బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టాలి. అందులో రెండో మాట లేదు. కానీ అంత జాగ్రత్త చెప్పే నోరు సిలిండర్ దగ్గర ఎందుకు మూగబోతుందని నా ప్రశ్న.

మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు విభాగాలూ కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ. మన పిల్ల, మన పిల్ల అని ఊరూరా చెప్పుకున్నాం. ఇంట్లో కోడలు రెండు కిలోలు ఎత్తితే మాత్రం వింతగా చూస్తాం!

సరే, ఇంతకీ ఆ నొప్పి ఏమిటి? అలవాటు లేని బరువు పడినప్పుడు కండలోని సన్నటి పోగులు అక్కడక్కడా కొద్దిగా దెబ్బతింటాయి. ఒళ్ళు వాటిని బాగుచేసుకుంటున్నప్పుడు వచ్చే వాపు వల్ల ఆ సలుపు. థియోడర్ హఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1902లోనే దీని గురించి రాశాడు. "లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది" అని జిమ్‌లో చెప్తుంటారు. అది పాత మాట. ఆ యాసిడ్ వ్యాయామం ఆపిన గంటా రెండు గంటల్లోనే ఒంట్లోంచి సర్దుకుంటుంది. మన నొప్పి మర్నాటికి కానీ రాదు కదా! రెండో రోజో మూడో రోజో బాగా ముదిరి, వారం లోపు పోతుంది.

మెట్లు ఎక్కడం కంటే దిగడమే ఎందుకు కష్టంగా ఉంటుందో తెలుసా? దిగేటప్పుడు తొడ కండ బరువు మోస్తూనే సాగుతుంది. ఇలా సాగుతూ మోసే పనికే ఎక్కువ నొప్పి పుడుతుంది. గుంజీ తీసేటప్పుడు కిందికి దిగడం, డంబెల్‌ని మెల్లగా దించడం, అన్నీ ఈ బాపతే.

ఇక అసలు విషయం. ఒకసారి ఇలా నొప్పి పడిన కండ అదే పనికి రెండోసారి అంత నొప్పి పెట్టదు. పాఠం నేర్చుకుంటుంది. అంటే నొప్పి తగ్గాక మళ్ళీ వెళ్ళినవాళ్ళకి రెండో వారం తేలిక, మూడో వారం ఇంకా తేలిక. మరి మూడో రోజున ఇంట్లోవాళ్ళు ప్రేమగా "మానేయరాదూ" అంటే మానేసి, రెండు నెలలయ్యాక బుద్ధి పుట్టి మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళ సంగతి? వాళ్ళకి మళ్ళీ మొదటి వారం నొప్పే. నాకు తెలిసిన ఎంతమంది ఆడవాళ్ళో ఏళ్ళ తరబడి ఆ మొదటి వారంలోనే తిరుగుతున్నారు. కష్టమంతా పడ్డారు, ఫలితం చేతికందే ముందు ఆగిపోయారు. "మానేయరాదూ" అన్న మాటలో ఎంత ప్రేమ ఉన్నా, అది చేసే అన్యాయం ఇది.

ఆ అన్యాయం చిన్నదేమీ కాదు. ముప్పైలు దాటాక కండ కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. నెలసరి ఆగిపోయాక ఎముక గబగబా పలచబడుతుంది. స్నానాలగదిలో జారి, తుంటి ఎముక విరిగి, మళ్ళీ మంచం దిగని అమ్మమ్మలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. పెద్దవాళ్ళందరూ వారానికి కనీసం రెండు రోజులు కండలకి బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆడవాళ్ళు తప్ప అనలేదు.

అవతలి పక్షాన్నీ వదలను. "నొప్పి రాలేదంటే మీరు సరిగ్గా చేయలేదు మేడమ్" అనే ట్రైనర్లున్నారు చూశారూ, వాళ్ళదీ తప్పుడు లెక్కే. నొప్పి అలవాటు లేని పనికి గుర్తు, అంతే. బలం పెరగడానికి కొలబద్ద కాదు. మొదటి రోజే కుర్చీలోంచి లేవలేనంతగా చేయించడం గొప్పా కాదు, శిక్షణా కాదు. తేలిక బరువుతో మొదలుపెట్టి వారం వారం కొంచెం పెంచాలి. "ఇవాళ్టికి చాలు" అని చెప్పే హక్కు డబ్బు కట్టిన మనది.

నొప్పి వచ్చినప్పుడు ఏం చేయాలి? మంచమెక్కి కదలకుండా పడుకుంటే ఇంకా బిగుస్తుంది. మెల్లగా ఓ పావుగంట నడిస్తే సలుపు నెమ్మదిస్తుంది. వేడినీళ్ళ స్నానం, కాపడం, నువ్వులనూనె మర్దన హాయినిస్తాయి. మాయ చేయవు, కానీ ఆ పూటకి ఓదార్పు. చేతులూ కాళ్ళూ సాగదీస్తే నొప్పి రాదని చెప్పేది మాత్రం పెద్దగా నిజం కాదని పరిశోధనల్లో తేలింది. తొడలు సలుపుతుంటే ఆ రోజు వాటికి సెలవిచ్చి చేతులకి పని చెప్పొచ్చు. పరగడుపున నొప్పి మాత్రలు మింగడం, రోజూ మింగడం వద్దు. కడుపుకీ కిడ్నీలకీ చేటు.

ఇవన్నీ పై పై ఉపశమనాలు. కండ బాగుపడటానికి అసలు కావలసినవి మూడే: నిద్ర, తిండి, కాస్త విశ్రాంతి. ఇప్పుడు చెప్పండి, మన ఇళ్ళల్లో ఇల్లాలికి సరిగ్గా దక్కనివేవి? ఈ మూడే! రాత్రి వంటిల్లు సర్దేసరికి పదకొండు. తెల్లారి ఐదింటికి పాలు, క్యారేజీలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6. అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలిన పప్పుతో, చారుతో, మజ్జిగతో సరిపెట్టుకునే ఆవిడకి ఆ 50 ఎక్కడినుంచి వస్తాయి?

అందుకే అంటాను, మన నొప్పి తగ్గకపోవడానికి డంబెల్ ఒక్కటే కారణం కాదు. బాగుపడే వీలు ఇవ్వని ఇల్లు కూడా కారణమే. మావారితో మొదట్లోనే చెప్పేశాను: "నేను బరువులెత్తిన మర్నాడు నీళ్ళ టిన్ను మీరెత్తండి, రాత్రి గిన్నెలు పిల్లలు సర్దుతారు, నేను పదింటికి పడుకుంటాను." రెండు రోజులు నసిగారు. మూడో వారానికి అలవాటైపోయింది. కండలకే కాదు, ఇంటికీ మొదటి వారమే కష్టం.

భరించమన్నానని అన్నీ భరించకండి. మోకాలిలోనో భుజం కీలులోనో కత్తితో పొడిచినట్టుంటే, ఒక్కవైపే వాచిపోతే, వారం దాటినా తగ్గకపోతే ఆపి డాక్టర్‌కి చూపించుకోండి. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులోకి మారితే, కండలు రాయిలా బిగుసుకుపోతే, ఒళ్ళు తేలిపోయేంత నీరసంగా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. దెబ్బతిన్న కండ కిడ్నీల మీదికి వచ్చే ప్రమాదం అది. వ్యాయామం చేసేటప్పుడు గుండెల్లో నొప్పి వస్తే వెంటనే ఆపేసి, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

అవేవీ లేని మామూలు సలుపైతే ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. "ఈ వయసులో నీకెందుకే?" అని అత్తగారో, పక్కింటి పిన్నిగారో అడిగితే నవ్వుతూనే చెప్పండి: "రేపు మీ వయసొచ్చాక నా కాళ్ళ మీద నేను లేవడానికండీ." తర్వాత ఒక ఉడికించిన గుడ్డో, గుప్పెడు వేయించిన వేరుశనగలో ముందు మీరు తినండి. మిగతావాళ్ళకి వడ్డన ఆ తర్వాత.