గ్లాస్గోకి మూడు రోజులు ఇవ్వండి

యూకే అనగానే మనవాళ్ల టూర్ ప్లాన్ ఎలా ఉంటుంది? లండన్‌లో బిగ్‌బెన్ ముందు ఒక సెల్ఫీ, ఎడిన్‌బర్గ్ కోట ముందు ఇంకోటి. మాస్టర్స్‌కి వెళ్లినవాళ్లకైతే క్లాసులు, పార్ట్‌టైమ్ షిఫ్టులు, గది అద్దె లెక్కలతోనే ఏడాది ఇట్టే గడిచిపోతుంది. మీరు చదువుకి వెళ్తున్నా, కాన్ఫరెన్స్‌కి వెళ్తున్నా, అక్కడున్న అక్కనో అన్ననో చూడటానికి వెళ్తున్నా నేను చెప్పేది ఒకటే. గ్లాస్గోకి మూడు రోజులు కేటాయించండి. ‘నేను నేర్చుకున్న పని ఇంకో పదేళ్లకి ఉంటుందా’ అని భయపడే ఇంజినీరింగ్ వాళ్లయితే తప్పకుండా. ఎందుకంటే అదే భయం ఒకప్పుడు ఆ నగరం మొత్తానికీ నిజమైంది.

ముందు డబ్బు సంగతి. గ్లాస్గోలో పెద్ద మ్యూజియాలు చాలావరకు ఉచితం. కాబట్టి మీ బడ్జెట్‌లో ఎక్కువ భాగం గదికి, తిండికే. ఎడిన్‌బర్గ్ నుంచి రైలెక్కితే గంటలోపే చేరుకుంటారు. ఎడిన్‌బర్గ్‌లో ఆగస్టులో ఫెస్టివల్ రద్దీ వల్ల గదుల రేట్లు మండిపోతాయి. అప్పుడు గ్లాస్గోలో ఉండి ఒక రోజు అటు వెళ్లి రావడమే తెలివైన పని.

మొదటి రోజు యూనివర్సిటీ వైపు వెళ్లండి. 1451లో మొదలైన విద్యాసంస్థ అది. మన పాఠాల్లో ప్రమాణాల పట్టికలో కనిపించే కెల్విన్ అక్కడ యాభై ఏళ్లకు పైగా ప్రొఫెసర్‌గా పనిచేశారు. క్యాంపస్‌లోని హంటేరియన్ మ్యూజియంలో ఒక చిన్న ఆవిరి యంత్రం నమూనా ఉంటుంది. అది న్యూకమెన్ యంత్రానికి నమూనా. అప్పట్లో యూనివర్సిటీకి పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్ చేతికి అది రిపేరుకి వచ్చింది. ప్రతి స్ట్రోక్‌కీ సిలిండర్‌ని వేడిచేసి మళ్లీ చల్లార్చడం వల్ల ఆవిరి ఎంత వృథా అవుతోందో ఆయన గమనించారు. 1765లో విడిగా కండెన్సర్ పెట్టాలన్న ఆలోచన అలా వచ్చిందే. థర్మోడైనమిక్స్‌ని బట్టీపట్టి పాసైనవాళ్లు ఆ గాజు పెట్టె ముందు కాసేపు నిలబడాలి. తర్వాత నడిచి కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంకి వెళ్లండి. సాల్వడార్ డాలీ గీసిన ప్రసిద్ధ క్రీస్తు చిత్రమూ, పైకప్పు నుంచి వేలాడే స్పిట్‌ఫైర్ యుద్ధవిమానమూ ఒకే భవనంలో ఉన్నాయి.

రెండో రోజు క్లైడ్ నదికి ఇవ్వండి. ఒకప్పుడు ప్రపంచంలో తయారైన ఓడల్లో దాదాపు ఐదో వంతు ఈ నది ఒడ్డునే పుట్టాయి. మన దేశంలో తిరిగిన రైలింజన్లు కూడా కొన్ని ఈ నగరంలో తయారై వచ్చినవే. ఆ తర్వాత విదేశీ పోటీ పెరిగింది, ఆర్డర్లు తగ్గాయి, యార్డులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1971లో మూసివేత వార్త విన్న కార్మికులు సమ్మె చేయలేదు. యార్డుల్ని తమ చేతుల్లోకి తీసుకుని, మిగిలిన ఓడల పని కొనసాగించారు. ఈ చరిత్రంతా గుర్తుపెట్టుకుని రివర్‌సైడ్ మ్యూజియం చూడండి. జహా హదీద్ డిజైన్ చేసిన ఆ భవనం 2011లో తెరిచారు. దాని పక్కనే 1896 నాటి తెరచాప ఓడ గ్లెన్‌లీ ఉంటుంది. ఇంకాస్త ముందుకెళ్తే ఫినిస్టన్ క్రేన్. ఇప్పుడది బరువులేమీ ఎత్తదు. దాని పక్కన, పూడ్చేసిన పాత డాక్ మీద కచేరీ హాళ్లు, ఎగ్జిబిషన్ సెంటర్ నిలిచాయి.

ఇక్కడే నా అభిప్రాయం చెప్పాలి. ‘గ్లాస్గో మారింది, గెలిచింది’ అని సింపుల్‌గా చెప్పేవాళ్లని నమ్మకండి. 1990లో యూరప్ సాంస్కృతిక నగరం, 2008లో యునెస్కో సంగీత నగరం అయిన మాట నిజమే. కానీ ఉద్యోగం పోయిన వెల్డర్‌కి సంగీత నగరం బిరుదు జీతం ఇవ్వదు. నగరం కోలుకోవడం వేరు, మనిషి కోలుకోవడం వేరు. అలాగని పాత నైపుణ్యం అంతా మట్టిలో కలిసిపోలేదు. గోవన్‌లో ఇప్పటికీ యుద్ధనౌకలు కడుతున్నారు. అదే నగరంలో చిన్న ఉపగ్రహాలు తయారుచేసే కంపెనీలూ ఉన్నాయి. ఏఐ వల్ల మన ఉద్యోగాలు ఏమవుతాయన్న చర్చలో ఈ రెండు వైపులూ తెలియడం మంచిది.

మూడో రోజు పాత నగరంలో తిరగండి. కేథడ్రల్, దాని వెనక గుట్ట మీదున్న నెక్రోపోలిస్ శ్మశానం, నెత్తిన ట్రాఫిక్ కోన్ పెట్టుకున్న వెల్లింగ్టన్ విగ్రహం... ఆ కోన్ తీసేసినా జనం మళ్లీ పెట్టేస్తుంటారు! సాయంత్రం ఏదో ఒక చిన్న వేదికలో లైవ్ మ్యూజిక్ వినండి. జనవరిలో వెళ్తే సెల్టిక్ కనెక్షన్స్ సంగీతోత్సవం ఉంటుంది. చికెన్ టిక్కా మసాలా ఈ నగరంలోనే పుట్టిందని ఒక వాదన ఉంది. తిని మీరే తేల్చుకోండి.

ప్లానింగ్‌లో మరచిపోకూడనివి కొన్ని. జూన్‌లో రాత్రి 10 దాకా వెలుతురుంటుంది, డిసెంబర్‌లో సాయంత్రం 4 లోపే చీకటి పడుతుంది. వాన ఏ నెలలోనైనా రావచ్చు, గొడుగు కన్నా రెయిన్‌కోట్ మేలు. 1896లో మొదలైన సబ్‌వేలో 15 స్టేషన్లే, గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి తప్పిపోయే భయం లేదు. ఆదివారం మాత్రం త్వరగా ఆగిపోతుంది.

ఇక్కణ్నుంచి విజిటర్ వీసా మీద వెళ్లేవాళ్లు ప్రయాణానికి 3 నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ వీసాతో ఇంటర్వ్యూకి హాజరు కావచ్చు గానీ ఉద్యోగం చేయకూడదు. ‘వెళ్లాక చూసుకుందాంలే’ అనే ఏజెంట్ల మాట వినకండి. ఇప్పటికే అక్కడ చదువుతున్న మీ సీనియర్‌కి అయితే వీసా గొడవే లేదు, కావాల్సింది ఒక వీకెండ్, ఒక రైలు టికెట్. ఈ పేజీ ఫొటో తీసి వాళ్లకి పంపండి.