కొండజీవికి ఏ తాయిలము తగును?

అమెరికా నగరములలో స్థిరపడిన మన తెలుగువారిలో కొందఱి యిండ్లకు, కుక్కను పెంచుటకు అద్దెయింటి నిబంధనలు ఒప్పుకొనక, పిల్లలు మాత్రము ఏదో యొక ప్రాణిని తెచ్చి యీయవలెనన్న పట్టు విడువక, ఆ రెంటి నడుమ తల్లిదండ్రులు ఒక దారి వెదకికొనగా, చించిల్లా యను చిన్న జంతువు వచ్చి చేరుట నేడు అక్కడక్కడ కనబడుచున్నది. ఉడుతకన్న పెద్దది, కుందేలుకన్న చిన్నది. బరువు ఇంచుమించు అర్ధకిలో. బూడిదవన్నె ఒడలు, పలుచని పెద్ద చెవులు, కుచ్చు తోక. పగలెల్ల నిద్రించి మునిమాపువేళ మేల్కాంచి గంతులిడు స్వభావము. చక్కగా చూచుకొన్నచో 10 మొదలు 20 ఏండ్ల వఱకు బ్రదుకును. ఇది యిల్లు చేరిన దినముననే దానికై తాయిలముల పొట్లములు, బోనులో నమర్చు బల్లలు, చక్రములు, గూళ్ళు కొనుట మొదలగును. ప్రేమతో చేయు ఆ కొనుగోలులోనే ఆ ప్రాణికి కలుగు కీడులో అధికభాగము దాగియున్నదని నా నమ్మకము. మన కంటికేది ముద్దుగా నున్నదో చూచి కొనుట సులభము. దాని పుట్టినచోటును, దాని దేహధర్మమును తెలిసికొని కొనుట కొంత శ్రమ. ఆ శ్రమకు ఒప్పుకొననివారు దానిని తెచ్చుకొనకుండుటయే మేలు.

దాని పుట్టినచోటు ఆండీస్ పర్వతప్రాంతము. చిలీ, పెరూ, బొలీవియా, అర్జెంటీనా దేశములలోని ఎండిన, చల్లని కొండచఱియలలో, రాతి నెఱ్ఱెలలో గుంపులుగా వసించుచు, గరుకైన గడ్డిని, పొదల ఆకులను, బెరడును కొఱికి తిని బ్రదికిన జాతి యిది. ఒక్కొక్క రోమకూపమునుండి 60 వఱకు వెండ్రుకలు మొలచునంతటి దట్టపు ఉన్ని ఆ చలికి కవచముగా ప్రకృతి యిచ్చినది. ఆ కవచమే దానికి మృత్యుహేతువైనది. 19వ శతాబ్ది చివరను, 20వ శతాబ్ది తొలినాళ్ళను యూరపు, అమెరికా ఖండముల సంపన్నుల అంగీలకై వేటగాండ్రు వీనిని లక్షల సంఖ్యలో చంపిరి; ఒక్క నిలువుటంగీకి నూఱుకు పైగా తోళ్ళు కావలసివచ్చెడివి. 1910లో ఆ నాలుగు దేశములును వేటను అరికట్టుటకు ఒడంబడిక చేసికొనునాటికే అడవి మందలు చాలవఱకు నశించినవి. మిగిలినవానిని కాపాడుటకై చిలీ ప్రభుత్వము 1983లో ఇయాపెల్ పట్టణమునకు సమీపమున ఒక జాతీయ రక్షితవనమును నెలకొల్పినది.

1923లో మథాయస్ చాప్‌మన్ అను అమెరికను గని ఇంజనీరు, చిలీలోని పొత్రెరియోస్ రాగిగనులలో పనిచేసినవాడు, 11 చించిల్లాలను కాలిఫోర్నియాకు తీసికొనిపోయెను. నేడు అమెరికాలో ఇండ్ల పెరుగుచున్నవానిలో అత్యధికభాగము ఆ పదునొకండింటి సంతతియే. ఆయన యుద్దేశము రోమవ్యాపారము. ఐనను వానిని కొండమీదనుండి ఒక్కసారిగా దింపక, మెల్లమెల్లగా పల్లపు వాతావరణమునకు అలవాటు చేసి, ఓడ ప్రయాణమున బోనులకు మంచుగడ్డలతో చల్లదనము కల్పించి తెచ్చెనని చెప్పుదురు. తోలు కొఱకు తెచ్చినవాడు సైతము ఆ ప్రాణి దేనికి ఓర్చునో, దేనికి ఓర్వదో తెలిసికొని మెలగినప్పుడు, మక్కువతో తెచ్చుకొన్న మనము అంతకన్న తక్కువ తెలిసికొనుట న్యాయమా?

అంగళ్ళలో అమ్ము తాయిలపు పొట్లము నొకదానిని చేతికి తీసికొని చూడుడు. ముందువైపు చించిల్లా బొమ్మ, దాని చుట్టును రంగురంగుల పండ్ల చిత్రములు. వెనుకకు త్రిప్పి చిన్న అక్షరములలోనున్న దినుసుల పట్టికను చదివినచో, ఎండుద్రాక్ష, ప్రొద్దుతిరుగుడు గింజలు, మొక్కజొన్న, వేరుసెనగ, ఎండిన అరటి ముక్కలు, తేనె అని తఱచుగా కనబడును. చించిల్లా దానిని ఆత్రముతో అందుకొనును. ఆత్రముతో తినినది గనుక దానికది హితమని యజమాని తలంచును. ఇంతకన్న పెద్ద పొరపాటు లేదు. గడ్డిపీచును అరిగించుకొనుటకై దాని యుదరమున అంధనాళమను పెద్ద సంచి కలదు. అందలి అసంఖ్యాక సూక్ష్మజీవులు ఆ పీచును తీరికగా పులియబెట్టి పోషకములుగా మార్చును. చక్కెరయు పిండిపదార్థమును అమితముగా వచ్చి పడినచో ఆ సూక్ష్మజీవుల పొందిక చెడి, వాయువు పుట్టి, కడుపుబ్బును. చించిల్లాకు వాంతి చేసికొను శక్తి లేదు. ప్రేవుల కదలిక నిలిచినచో ఒకటి రెండు దినములలోనే ప్రాణము మీదికి రావచ్చును; అందుచేతనే ఒక్కపూట మేత ముట్టకున్నను, పెంటికలు చిన్నవై తగ్గిపోయినను, ఱేపు చూతమని ఊరకుండక పశువైద్యుని యొద్దకు పరుగెత్తవలెను.

ఒక్క ద్రాక్ష చేయు అపకారమేమని అడుగువారు కలరు. ఎండుద్రాక్ష ఇంచుమించు అరగ్రాము తూగును. ఆ బరువులో సగమునకు పైగా చక్కెరయే. అర్ధకిలో జంతువు నాలుగు ద్రాక్షలు తినుట, 60 కిలోల మనుష్యుడు ఇంచుమించు పావుకిలో ద్రాక్షను ఒక్క కూర్చుండుటలో తినుటతో సమానము. నిత్యము అట్లు తినువానికి వైద్యుడేమి చెప్పునో మనకు తెలియనిది కాదు.

మఱి యేది పెట్టవలెనన్నచో, మొదటి సమాధానము ఎండుగడ్డి. తిమోతి గడ్డి గాని, ఆర్చర్డు గడ్డి గాని బోనులో ఎల్లవేళల నుండవలెను. ఆల్ఫాల్ఫాలో కాల్షియము, మాంసకృత్తులు అధికము గనుక అది ఎదుగు పిల్లలకును చూలుతల్లులకును తగును గాని, పెద్దవానికి నిత్యాహారము కాదు. తాయిలమని వేఱుగా పెట్టదలచినచో, ఎండిన గులాబీ కాయ యొకటి, చిటికెడు కామొమైల్ పూలు, డాండిలియన్ ఆకు, పురుగుమందు తగులని గులాబీ రేకులు రెండు, తీపి కలుపని ఓట్సు నాలుగు పలుకులు, వీనిలో ఏదో యొకటి, అదియు అప్పుడప్పుడు మాత్రమే. వీని యన్నింటికంటె నాకు నచ్చినది ఆపిల్ కొమ్మ. మందు చల్లని చెట్టునుండి కోసి, కడిగి, బాగుగా ఎండనిచ్చిన వ్రేలెడు కొమ్మ నిచ్చి చూడుడు: చించిల్లా వెనుకకాళ్ళపై కూర్చుండి, రెండు చిన్న చేతులతో దానిని అడ్డముగా పట్టుకొని, త్రిప్పుచు త్రిప్పుచు బెరడును సన్నని పేలికలుగా ఒలిచి నమలును, బెరడు ముగిసిన పిమ్మట లోని తెల్లని కఱ్ఱను నలువైపుల చెక్కుచు కూర్చుండును. ద్రాక్ష అరనిమిషములో ముగియును. ఈ కొమ్మ దానికి రేయంతయు వ్యాపకము కల్పించును.

మన యిండ్లలో ప్రేమ యనగా తినిపించుట. వచ్చినవారికి కొసరి కొసరి వడ్డించి, చాలుచాలునన్నను మఱియొక గరిటె వేసిన గాని మన తల్లులకు తృప్తి యుండదు. పిల్లల యింట కొన్ని మాసములుండి వచ్చుటకు అమెరికాకు వెళ్ళిన అమ్మమ్మలు, తాతయ్యలు, కొడుకును కోడలును ఉద్యోగములకు పోయిన దీర్ఘమధ్యాహ్నములందు ఆ బోను ప్రక్కన కూర్చుండి, చేతిలోని జీడిపప్పు బద్దనో, బిస్కట్టు తునకనో ఊచల సందునుండి అందించుట ఎంతయు సహజము. ఆ చేతిలోని వాత్సల్యమును నేను చిన్నచేయను. అది మన జాతి యుత్తమగుణములలో నొకటి. వారిని కసరి, బోను దగ్గఱకు పోవలదని ఆంక్ష పెట్టుట అవివేకము. గులాబీ కాయల డబ్బాను వారి చేతికే ఇచ్చి, "అమ్మమ్మా, దాని తాయిలము ఇది; నీవే పెట్టుము" అని మనుమరాలు చెప్పినచో, పెద్దల మనసును నిలుచును, ప్రాణియు క్షేమముగా నుండును.

ఇక బోనులోని వస్తువుల మాట. చించిల్లాకు పండ్లు 20; అన్నియు బ్రదికినంత కాలము పెరుగుచునే యుండును. ఆరోగ్యముగా నున్నప్పుడు నారింజవన్నెతో మెఱయు ముందుపండ్లు ఏడాదికి రెండు మూడు అంగుళములు పెరుగును. గడ్డి నమలుటచేత దవడపండ్లును, కఱ్ఱను కొఱుకుటచేత ముందుపండ్లును అరుగవలెను. అరుగనిచో వంకరలు తిరిగి చెంపకును నాలుకకును గుచ్చుకొని, చొంగ కారి గడ్డము తడిసి, మేత యెదుట నున్నను తినలేక కృశించును. కాబట్టి కొఱుకుట దానికి ప్రాణధర్మము. బోనులో నేది యుంచినను పండ్లపాలగునని ముందే యెఱిగి యుంచవలెను.

చాల బోనులతోపాటు అంగడివారు అమర్చి యిచ్చు ప్లాస్టిక్ బల్లను, కొన్ని వారములు గడచిన పిమ్మట ఊడదీసి వెలుతురున పట్టి చూచినచో సంగతి తేటపడును. అంచు పొడవున జంటజంటలుగా సన్నని పంటిగాట్లు; మూలలు అర్ధచంద్రాకారముగా హరించిపోయి యుండును; తడిమిన వ్రేలికి గరుకు తగులును. బోను అడుగున రాలిన ముక్కలను ఏఱి, పోయిన మూలతో సరిచూచినచో లెక్క కుదురదు. తక్కినది కడుపులోనికి పోయినది. అరుగని ఆ ముక్కలు ప్రేవున అడ్డుపడినచో, అంత చిన్న శరీరమునకు శస్త్రచికిత్సయే యొక గండము. పోగులూడు నూలుత్రాళ్ళు, గుడ్డ ఊయెలలు కూడ ఇట్టివే. బట్టీలో ఎండబెట్టిన పైను పలకను గాని, ఆపిల్, పియర్, విల్లో, ఆస్పెన్ కఱ్ఱలను గాని వాడుడు. సీడరు కఱ్ఱయు దాని పొట్టును, చెర్రీ, ప్లమ్, నిమ్మజాతి చెట్ల కొమ్మలును, రంగు పూసినదియు, జిగురుతో అతికిన ప్లైవుడ్డును బోనులోనికి రానీయవలదు. ఒక మూల గ్రానైటు పలక నుంచినచో వేసవిలో దానిపై పొట్ట ఆనించి పండుకొనును. మన చీమకుర్తి గనులనుండి ఖండాంతరములకు పోవు రాతికి ఇంతకంటె పుణ్యమైన వినియోగము నేనెఱుగను.

చక్రము వ్యాసము 15 అంగుళములకు తగ్గరాదు. చిన్నదైనచో పరుగెత్తునంతసేపు వెన్నెముక వెనుకకు వంగియే యుండును. పరుగెత్తు తలము ఊచలు లేక నిండుగా, లోహముతో నుండవలెను. ఊచల నడుమ చిక్కిన కాలు విఱుగును. మోకాలి క్రింది యెముక దీనికి మిక్కిలి సన్నము. తీగ అడుగున్న బోనులోనైనను పలక పఱచనిదే పాదములు పుండ్లు పడును. పారదర్శకమైన ప్లాస్టిక్ బంతిలో జంతువును మూసి నేలపై దొర్లనిచ్చు ఆటవస్తు వొకటి కలదు. చెమట పట్టని, చెవుల ద్వారముననే వేడిని వెలువరించు, అంత దట్టపు ఉన్ని గల ప్రాణిని గాలి చాలని గోళములో పరుగెత్తించుట హింస. దానిని చించిల్లాకు పనికివచ్చునని అమ్ముట అన్యాయమని చెప్పుటకు నేను వెనుదీయను. స్నానమునకు నీరు కూడదు, తడిసిన ఉన్ని త్వరగా ఆరదు. వారమున రెండు మూడు మాఱులు పది నిమిషములసేపు దానికై అమ్ము మెత్తని స్నానపుధూళిని గిన్నెలో పోసి యుంచినచో అందు పొర్లి తానే శుభ్రపడును. సముద్రతీరపు ఇసుక దీనికి బదులు కాదు.

ఇన్ని సంగతులు సామాన్యుడు ఎట్లు తెలిసికొనగలడను ప్రశ్న న్యాయమైనది. నేను వర్తకులను తప్పుపట్టుచున్నది ఇచటనే. "చిన్న జంతువులకు" అను ఒక్క మాట క్రింద హామ్‌స్టరును, గినీపందిని, కుందేలును, చించిల్లాను చేర్చి అందఱకు ఒకటే పొట్లము అమ్ముచున్నారు. హామ్‌స్టరు గింజలు తిని బ్రదుకును; గినీపందికి ఆహారముననే సి విటమిను అందవలెను; చించిల్లాకు గడ్డి తప్ప ఆధారము లేదు. వీనికి ఉమ్మడి తాయిలమన్నది లేదు. ఏ జంతువునకు ఎంత, ఎన్నినాళ్ళకొకసారి అన్నది పొట్లముపై స్పష్టముగా ముద్రింపవలెనని చట్టము విధింపవలెను. అంతవఱకు కొనువాని కన్నులే కాపు: ఎండుపండ్లు, గింజలు, తేనె దినుసులలో నున్న పొట్లమును తిరిగి అరలో పెట్టివేయుడు. అమ్మకము పడిపోయినచో తయారుచేయువారు తామే మార్చుకొందురు.

మన సీమలలో కూడ ఈ జంతువును తెప్పించుకొందమా యని ముచ్చటపడువారికి ఒక మాట. చించిల్లాకు 10 నుండి 20 డిగ్రీల చల్లదనము సుఖము. 27 డిగ్రీలు దాటినచో వడదెబ్బ భయము. గాలిలో తేమ హెచ్చినచో ఆ భయము ఇనుమడించును. హైదరాబాదు, విజయవాడ నగరములలో వేసవియెండ 40 డిగ్రీలు దాటుట మనకు వాడుక. విశాఖ, బందరు తీరములలో తేమ సరేసరి. రేయింబవళ్ళు ఏసీ నడిపింతుమనువారును, కరెంటు పోయిన ఒక్క మే నెల మధ్యాహ్నమున ఆ ప్రాణి యేమగునో తలపోయవలెను. ఇచట దీనిని పెంచుట తగదు, అమ్ముట అంతకన్న తగదు. ఏ అంగడిలోనైన కనబడినచో, పిల్లలు ఎంత మారాము చేసినను, కొనకుడు.