నలుపు చూసి భయపడకండి, అంకె చూడండి

బీరు రుచి మాట వస్తే మన ఇళ్ళలో ఇంకా మగవాళ్ళ వైపే చూస్తారు. నాలుక మనకీ ఉంది కదండీ! తాగమని నేను చెప్పను. తాగే అలవాటున్నవాళ్ళు తెలిసి తాగాలన్నదే నా మాట.

మా హామిల్టన్‌లో ఉక్కు ఫ్యాక్టరీల బర్లింగ్టన్ స్ట్రీట్ మీదే కలెక్టివ్ ఆర్ట్స్ బ్రూవరీ ఉంది. డబ్బాల మీద ఆర్టిస్టుల బొమ్మలు వేయడం వాళ్ళ ప్రత్యేకత. ఊళ్ళో చిన్న బ్రూవరీలు ఇంకా ఉన్నాయి. చలికాలంలో నల్లటి ఇంపీరియల్ స్టౌట్ల సందడి ఎక్కువ. 18వ శతాబ్దంలో లండన్ నుంచి రష్యా రాజదర్బారుకు వెళ్ళిన ఘాటైన స్టౌట్ల వల్ల ఆ పేరు వచ్చింది.

నల్లగా ఉంటే ఘాటు అనుకుంటాం. కాదు. కాఫీ గింజల్లా బార్లీని మాడేదాకా వేయించడం వల్ల వచ్చే రంగది. గిన్నిస్ డ్రాట్ కూడా నల్లనిదే, ఆల్కహాలు 4.2 శాతమే. మామూలు లాగర్ 5 శాతం.

ఈ నెల నేను రుచి చూసినది 10 శాతం. ఫ్రిజ్ చల్లదనంలో వాసన తెలియదు, అందుకే 20 నిమిషాలు బయట పెట్టాను. మొదట డికాక్షన్ వాసన, తర్వాత ముదురు బెల్లప్పాకం. నోట్లో చేదు, తీపి పోటీ పడ్డాయి. గొంతులో కాస్త వేడి. కారం వేపుడుతో వద్దు, ఆల్కహాలు మంటని పెంచుతుంది. నువ్వులుండతో బాగా కుదిరింది.

ఇప్పుడు లెక్క. కెనడాలో ఒక డ్రింకు అంటే 5 శాతం బీరు 341 మి.లీ. 10 శాతం ఉన్న 473 మి.లీ. డబ్బా దాదాపు 2.8 డ్రింకులు! వారానికి రెండు దాటకపోతే ప్రమాదం తక్కువని 2023లో ఇక్కడి నిపుణులు చెప్పారు. అంటే ఒక్క డబ్బాతోనే వారం కోటా దాటిపోతుంది. మేం నలుగురం పంచుకున్నాం. డ్రైవింగ్ చేసే ఆమెకి మాత్రం పోయలేదు, నువ్వులుండలే పెట్టాం.

ఇంకో మాట. బాలింతలకి స్టౌట్ మంచిదని, పాలు పడతాయని బ్రిటన్, ఐర్లండ్‌లలో పాత నమ్మకం. నిజానికి ఆల్కహాలు వల్ల పాలు దిగడం తగ్గుతుంది. ఎవరైనా ప్రేమగా పోసిచ్చినా వద్దనండి. గర్భిణులైతే చుక్క కూడా వద్దు.

నా తీర్పా? మొదటి రెండు గుక్కలు అద్భుతం, అయిదో గుక్కకి తీపి మొహం మొత్తింది. పదికి ఏడు.