మడవ దగ్గరే మొదలవుతుంది కొల్లేరు

పొద్దున వరిచేలో యూరియా చల్లారు. సాయంత్రానికి వాన దంచింది. చేను మునుగుతుందని రైతు మడవ విప్పాడు. ఆ నీరు బోదెలోంచి మురుగు కాలువకు, అక్కణ్నుంచి కొల్లేటికి పోయింది. బస్తాకు పెట్టిన డబ్బూ దాని వెంటే పోయింది. పెదపాడు, దెందులూరు పొలాల్లో ఇది ఎవరికీ వింత కాదు.

కొల్లేరు పాడైందంటే అందరి వేలూ చేపల చెరువుల మీదికే పోతుంది. పోవాల్సిందే. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సులో గట్లు వేయడం తప్పే, 2006లో వాటిని కొట్టించడం ఒప్పే. కానీ గట్లు తెంచినంత మాత్రాన నీరు తేటపడదు. బుడమేరు, తమ్మిలేరు, డెల్టా డ్రెయిన్లు పై పొలాల ఎరువును మోసుకొస్తూనే ఉన్నాయి. సముద్రానికి చేర్చే దారి చూస్తే ఉప్పుటేరు ఒక్కటే. గుర్రపుడెక్క అంత ఏపుగా ఎందుకు పెరుగుతోందో వేరే చెప్పాలా?

తప్పంతా రైతుదని మేం అనం. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకే వస్తోంది. మిగతా భారం కేంద్రానిది. 2016 నుంచి రాష్ట్రం చెబుతున్న ప్రకృతి సేద్యం మంచిదే. అయితే కొట్టంలో గొడ్డే లేని ఇంట్లో జీవామృతం కలపమంటే ఎలా? డెల్టాకు దారి పచ్చిరొట్ట. కోతకు ముందు వరిలోనే పిల్లిపెసర చల్లడం ఇక్కడి పాత అలవాటు, దాళ్వా మోజులో దాన్ని వదిలేశాం. తొలకరికి జీలుగో జనుమో వేసి, పూతకొచ్చే వేళకు దమ్ములో తొక్కించినా చాలు, నేలకు నత్రజని అందుతుంది. ఆ మేరకు యూరియా తగ్గించాలి సుమా, రెండూ వేస్తే ఫలితం మళ్లీ మురుగు కాలువకే. రాయితీ విత్తనం కాలువలకు నీరు వదలకముందే చేతికందాలి. నాట్లు పడ్డాక వస్తే గోదాములో ఎలుకలకే లాభం.

నీటి సంగతీ అంతే. పెదవేగి, కామవరపుకోట మెట్ట తోటల్లో డ్రిప్ పెట్టి, ఎరువును దాంతోనే వేరుకు కొద్దికొద్దిగా అందించొచ్చు. వరికి అది కుదరదు. చిల్లుల ప్లాస్టిక్ గొట్టం ఒకటి చేలో దిగేసి, నీరు మట్టికి 15 సెంటీమీటర్ల దిగువకు జారాకే మళ్లీ తడి పెడితే సరి. పూత వేళ మాత్రం నీరు నిలవాలి. ఇది రైతులకు తెలియక కాదు. ఇవాళ పెట్టుకోకపోతే రేపు బోదె ఎండుతుందన్న భయంతో చేను నింపేస్తున్నారు. ఎద్దడి ఏడాదే గుర్తొచ్చే వంతులవారీ నీటిని ప్రతి సార్వాకూ, దాళ్వాకూ తేదీలతో ముందే ప్రకటించాలి. ఆ తేదీ తప్పకూడదు.

డ్రెయిన్లు కొల్లేట్లో కలిసే చోట నీటిని నెలనెలా పరీక్షించి, ఫలితాలను గ్రామ సచివాలయం గోడ మీద అతికించాలి. కీడు జరిగాక పరీక్షిస్తే ఏం లాభం? 2020 డిసెంబరులో ఏలూరు వీధుల్లో వందల మంది ఉన్నట్టుండి కుప్పకూలితే, రక్త నమూనాలను ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపాల్సి వచ్చింది. వాటిలో సీసం, నికెల్ బయటపడింది జనం ఆసుపత్రి పాలయ్యాకే.