గీత గీయడానికి ఎంత పెట్టాలి?

ఐదు సెంట్ల స్థలం. తూర్పు ముఖం. ఈశాన్యంలో బోరు, ఆగ్నేయంలో వంటిల్లు, కింద కారుకు చోటు, పైన అమెరికా నుంచి అబ్బాయి వస్తే ఉండటానికో గది... భీమవరంలో ప్లాన్లు గీసే ఆఫీసుకు వచ్చేవారి కోరికలు దాదాపు ఇలాగే ఉంటాయి. మధ్యాహ్నం చెప్పి వెళ్లి సాయంత్రానికల్లా కాగితం చూపించమంటారు. మర్నాడు పొద్దున్నే 'మెట్లు నైరుతిలో ఉండాలని మా బావగారు అన్నారండీ' అంటూ మళ్లీ తలుపు తడతారు. మెట్లు మారితే గోడ మారుతుంది. గోడ మారితే కిటికీ మారుతుంది. అన్నీ మారాక మొదటిదే బాగుందంటారు!

ఈ మార్పులన్నిటినీ విసుక్కోకుండా మోసేది కంప్యూటర్లోని డ్రాఫ్టింగ్ సాఫ్ట్‌వేర్. ఒకప్పుడు ట్రేసింగ్ కాగితం మీద బ్లేడుతో గీకి చెరిపిన గోడను ఇప్పుడు మౌస్‌తో పక్కకు జరిపేస్తున్నారు. మరి దానికి ఎంత ఖర్చు పెట్టాలి? ఖరీదైనది కొనాలా, చౌకదానితో సరిపెట్టుకోవచ్చా? ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు పనిచేసే ఆఫీసుకు ఇది చిన్న ప్రశ్న కాదు. పేరున్న సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఒక్కసారి కొని దాచుకునే సామాను కాదు మరి. కరెంటు బిల్లులా ఏటేటా కట్టాల్సిందే.

ఈ రంగంలో పెద్దన్న ఆటోక్యాడ్. అమెరికాకు చెందిన ఆటోడెస్క్ కంపెనీ 1982లో దీన్ని తెచ్చింది. అప్పటిదాకా కంప్యూటర్‌తో డ్రాయింగ్ అంటే పెద్ద పెద్ద కంపెనీలకే సాధ్యమయ్యేది. మామూలు టేబుల్ మీద పట్టే కంప్యూటర్‌లో ఆ పని చేసి చూపడంతో ఆటోక్యాడ్ దూసుకుపోయింది. ధర మాత్రం చిన్న ఆఫీసులకు అందలేదు. అందుకని 1993లో అదే కంపెనీ కొన్ని సౌకర్యాలు తగ్గించి ఆటోక్యాడ్ ఎల్‌టీ పేరుతో తమ్ముణ్ని దింపింది. అప్పటి ధర 495 డాలర్లు. అమెరికా ధరల్లో చూస్తే ఇప్పటికీ తమ్ముడి చందా అన్న చందాలో దాదాపు నాలుగో వంతే. ఒకసారి కొంటే ఎల్లకాలం వాడుకునే లైసెన్సులను ఆటోడెస్క్ 2016లో కొత్తగా అమ్మడం మానేసింది. అప్పటి నుంచీ అన్నయినా తమ్ముడైనా చందాయే.

తగ్గించిన ఆ సౌకర్యాలేమిటి? మొదటిది త్రీడీ. ఎల్‌టీలో ప్లాను, ఎలివేషన్, సెక్షన్ గీసుకోవచ్చు కానీ ఇంటిని ఘనాకారంలో నిలబెట్టలేం. అయితే భీమవరం ఆఫీసుల్లాంటి చోట్ల ఇదేమంత లోటు కాదు. రంగులద్దిన ఇంటి బొమ్మ కావాలంటే చాలామంది ఎలాగూ స్కెచప్ లాంటి వేరే సాఫ్ట్‌వేర్ పట్టుకుంటారు. కాకపోతే స్కెచప్ ఉచిత వెర్షన్ సొంత సరదాకే తప్ప వ్యాపారానికి కాదు. ఆ సంగతి మరిచేవాళ్లే ఎక్కువ.

రెండోది లిస్ప్. అసలు కథ ఇక్కడే ఉంది. ఆటోలిస్ప్ అనేది ఆటోక్యాడ్‌కు మనం సొంతంగా పనులు నేర్పుకునే భాష. గదుల చుట్టూ క్లిక్ చేస్తూ పోతే విస్తీర్ణాలన్నీ దానంతటదే పట్టిక వేసే ప్రోగ్రామ్ ఒకటి, తలుపులకూ కిటికీలకూ వరసగా నంబర్లు వేసేది మరొకటి... చాలా ఆఫీసుల్లో ఇలాంటి చిన్న చిన్న ప్రోగ్రాములు సీనియర్ల దగ్గర్నుంచి జూనియర్లకు, ఊరగాయ జాడీలా చేతులు మారుతుంటాయి. రాసిందెవరో ఎవరికీ తెలియదు. అవి లేకపోతే మాత్రం అరగంట పని అరపూట అవుతుంది. ఎల్‌టీ చాలా ఏళ్లపాటు ఈ లిస్ప్‌ను దగ్గరికి రానివ్వలేదు. 2024 వెర్షన్‌తో ఆ తలుపు తెరిచారు. కాబట్టి 'ఎల్‌టీలో లిస్ప్ ఉండదు' అన్న పాత మాట పట్టుకుని అన్న చందా కడుతున్నవారు ఒక్కసారి లెక్క సరిచూసుకోవాలి.

మూడోది బయటి కంపెనీలు తయారుచేసే ప్లగిన్లు. పూర్తి ఆటోక్యాడ్ కోసం రాసిన పెద్ద ప్లగిన్లు ఎల్‌టీలో ఎక్కవు. దీని బరువు తెలియాలంటే మున్సిపాలిటీ దాకా వెళ్లాలి.

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటి ప్లానుకు అనుమతి కావాలంటే ఇప్పుడు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్ డ్రాయింగ్ ఫైలును పంపితే అవతల ఒక సాఫ్ట్‌వేర్ దాన్ని తనిఖీ చేస్తుంది. స్థలం హద్దు ఒక లేయర్‌లో, కట్టడం మరో లేయర్‌లో, గదులు ఇంకో లేయర్‌లో ఉండాలి. హద్దు గీత చివర్లు కలిసి తీరాలి. వెంట్రుకవాసి ఖాళీ మిగిలినా యంత్రం దాన్ని స్థలంగా గుర్తించదు. మనిషైతే చూసీచూడనట్టు పోతాడు, యంత్రం పోదు. 2017 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం రోడ్డు వైపు ఎంత వదలాలి, పక్కల ఎంత వదలాలి అన్నవి అది కొలిచేది ఆ గీతల నుంచే. ఐదు సెంట్లంటే 242 గజాలు, 202 చదరపు మీటర్ల పైచిలుకు. యజమాని గజాల్లో మాట్లాడతాడు, మేస్త్రి అడుగుల్లో కొలుస్తాడు, అనుమతికి పంపే డ్రాయింగ్ మీటర్లలో ఉండాలి. ఈ మూడింటి మధ్య ఎక్కడ పొరపడినా ఫైలు వెనక్కి వస్తుంది. శంకుస్థాపన ముహూర్తం దగ్గరపడుతుంటే ఆ తిరుగుటపా ఖరీదు ఎంతో ఇంటాయన్ను అడగాలి!

అందువల్ల ఆఫీసు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. అనుమతి ఫైలును సిద్ధం చేసే పరికరం మనం కొనబోయే సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుందా లేదా? అమ్మేవాడి మాట మీద కాకుండా, ట్రయల్ కాపీలో ఇదివరకు ఆమోదం పొందిన ఒక సొంత ఫైలును పెట్టి చూసుకోవాలి.

ఎల్‌టీ కాకుండా చౌకరకాలు ఇంకా ఉన్నాయి. బెల్జియంలో పుట్టిన బ్రిక్స్‌క్యాడ్, చైనా నుంచి వచ్చిన జడ్‌డబ్ల్యూక్యాడ్, జీస్టార్‌క్యాడ్ లాంటివి. చూడటానికి ఆటోక్యాడ్ కవలల్లా ఉంటాయి. ఎల్ కొడితే గీత, సీ కొడితే వృత్తం... అలవాటైన వేళ్లు తడుముకోవక్కర్లేదు. ఆటోక్యాడ్ సొంత ఫైలు రకమైన డీడబ్ల్యూజీలోనే ఇవీ పనిచేస్తాయి. ఆ ఫైలు గుట్టు విప్పి అందరికీ అందుబాటులో ఉంచడానికి 1998లోనే ఓపెన్‌డీడబ్ల్యూజీ అలయన్స్ అనే సంఘం ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు ఓపెన్ డిజైన్ అలయన్స్. ఈ కవలల్లో ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కునే పద్ధతి ఇంకా ఉంది. చాలావాటిలో లిస్ప్ కూడా నడుస్తుంది. రెండంతస్తుల ఇళ్లు, చిన్న కల్యాణ మండపాలు, రొయ్యల చెరువుల దగ్గర షెడ్లు గీసే ఆఫీసుకు ఇవి సరిపోవని గట్టిగా చెప్పడం కష్టం.

చిక్కంతా ఫైలు చేతులు మారినప్పుడు. ప్లాను ఇక్కడ గీస్తారు. నల్లరేగడిలో పైల్ ఫౌండేషన్ డిజైన్ మరో ఇంజినీరు చేస్తాడు. పెద్ద కట్టడమైతే హైదరాబాద్ ఆర్కిటెక్టు కూడా ఉంటాడు. ఒకచోట గీసింది ఇంకోచోట తెరిస్తే గీతలు బాగానే ఉంటాయి, అక్షరాలే అల్లరి చేస్తాయి. పాత అను ఫాంట్లతో 'పూజ గది' అని తెలుగులో రాసుకున్నచోట ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంకాని ఇంగ్లీషు గుర్తులు ప్రత్యక్షమవుతాయి. ఇది చౌక సాఫ్ట్‌వేర్ తప్పేమీ కాదు, ఖరీదైన దాంట్లోనూ అంతే. యూనికోడ్ ఫాంటు వాడి, కొలతలతో ఒక పీడీఎఫ్ కూడా జతచేసి పంపితే సగం ఫోన్లు తగ్గుతాయి. కొత్త వెర్షన్ ఫైలు పాత సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోకపోతే ఆటోడెస్క్ ఉచితంగా ఇచ్చే డీడబ్ల్యూజీ ట్రూవ్యూతో పాత వెర్షన్‌లోకి మార్చుకోవచ్చు.

పైసా పెట్టకుండా వచ్చేవీ లేకపోలేదు. లిబ్రేక్యాడ్ పూర్తిగా ఉచితం. నేర్చుకునేవారికి, చిన్నచిన్న బొమ్మలకు బాగుంటుంది. డీడబ్ల్యూజీతో మాత్రం దానికి అంతగా పొత్తు కుదరదు, ప్రధానంగా డీఎక్స్‌ఎఫ్ ఫైళ్లతోనే పని. ఇక ఉచితాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పడానికి డ్రాఫ్ట్‌సైట్ ఉంది. ఏళ్ల తరబడి ఉచితంగా ఇచ్చి, 2019 డిసెంబరు 31తో ఆ వెర్షన్‌ను ఆపేశారు. దాని మీద ఆధారపడ్డ ఆఫీసులు చందా అయినా కట్టాలి, ఇంకోటైనా వెతుక్కోవాలి. అలాంటప్పుడు పాత ఫైళ్లు డీడబ్ల్యూజీలో ఉంటే బతికిపోతారు.

ఇన్ని చెప్పుకున్నా, 'ఇవన్నీ ఎందుకండీ, క్రాక్ కాపీ ఉంది కదా' అనే గొంతు వినిపిస్తూనే ఉంటుంది. కాపీరైటు చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను వాడితే ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల వరకూ జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకూ జరిమానా. వ్యాపారానికి వాడనివారి విషయంలో జైలు లేకుండా వదిలే వీలు కోర్టుకు ఉంది కానీ, ప్లానుకు ఇంతని పుచ్చుకునే ఆఫీసుకు ఆ వెసులుబాటు వర్తించదు. ఇంజినీరింగ్ కాలేజీలో ఉండగా తీసుకున్న ఉచిత విద్యార్థి లైసెన్సును ఆఫీసు పనికి వాడటమూ కుదరదు. పైగా ఊరూ పేరూ లేని చేతుల మీదుగా వచ్చిన ప్రోగ్రామ్ లోపల ఏం మోసుకొస్తుందో ఎవరికెరుక? ఆటోలిస్ప్‌లోనే రాసిన మెడ్రే అనే వైరస్‌ను 2012లో ఈసెట్ కంపెనీ బయటపెట్టింది. డ్రాయింగుల ఫోల్డర్ల వెంట పాకుతూ, ముఖ్యంగా పెరూ దేశంలో వేలకొద్దీ డ్రాయింగులను గుట్టుచప్పుడు కాకుండా చైనాలోని ఈమెయిల్ చిరునామాలకు పంపేసింది. ఆ లిస్ప్ జాడీ ఎవరింటి నుంచి వచ్చిందో కనుక్కోవడం మంచిదే!

మూడు కంప్యూటర్ల ఆఫీసులో మూడింటికీ ఒకటే ఉండాలన్న నియమమేమీ లేదు. అనుమతి ఫైళ్లు, త్రీడీ, బయటి ప్లగిన్లు చూసుకునే మనిషికి ఒక పూర్తి ఆటోక్యాడ్. గోడలు, కిటికీలు గీసే మిగతా ఇద్దరికీ ఎల్‌టీయో, పరీక్షించి ఎంచుకున్న చౌకరకమో. చాలా ఆఫీసులకు ఇదే గిట్టుబాటు. ఆటోడెస్క్ చందా కంప్యూటర్‌కు కాదు, మనిషికి. ఒక లాగిన్‌ను ఇద్దరు పంచుకోకూడదు. కుర్రాడు మానేసి హైదరాబాద్ వెళ్లిపోతే ఆ చందాను కొత్తవాడి పేరుకు మార్చుకోవాలి. కాబట్టి ఖాతా ఆఫీసు ఈమెయిల్ మీదే ఉండాలి, కుర్రాడి సొంత మెయిల్ మీద కాదు.

ఇంకో మాట. ఇక్కడ పని ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఆషాఢం, మూఢం వస్తే ఆఫీసు ఖాళీ, మంచి ముహూర్తాలు మొదలైతే ఊపిరాడదు. వాడిన రోజుకే లెక్కగట్టే ఫ్లెక్స్ టోకెన్ల పద్ధతి కూడా ఆటోడెస్క్‌లో ఉంది. నెలకు ఎన్ని రోజులు పూర్తి ఆటోక్యాడ్ నిజంగా అవసరపడిందో ఓ మూడు నెలలు క్యాలెండర్ మీద టిక్కులు పెట్టుకుంటే ఏడాది చందా కట్టాలో, టోకెన్లు చాలో తేలిపోతుంది.

ఇల్లు కట్టించుకునేవారికి ఈ గొడవతో పనిలేదనుకోవద్దు. ప్లానుకు డబ్బు ఇచ్చేటప్పుడు కాగితాలతో పాటు డీడబ్ల్యూజీ, పీడీఎఫ్ ఫైళ్లు రెండూ ఇస్తారా అని ముందే మాట్లాడుకోవాలి. పదేళ్ల తర్వాత పైన ఇంకో అంతస్తు వేయాలనుకున్నప్పుడు ఆ ఆఫీసు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఫైలు చేతిలో ఉంటే కొత్త ఇంజినీరు టేపు పట్టుకుని గోడలన్నీ మళ్లీ మొదటి నుంచి కొలవక్కర్లేదు.