ఉమ్మడి కంప్యూటరు – ఎవరి అర వారిది

ఇంటిల్లిపాదీ వాడుకొనే కంప్యూటరులో తన ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టుకొన్న అమ్మాయిని, "మా దగ్గర దాచవలసినంతటి రహస్యం నీకేమున్నది?" అని నిలదీయడం నేడు అనేక గృహాలలో జరుగుతున్నది. అబ్బాయిలకు ఈ ప్రశ్న అంతగా ఎదురుకాదు. ఇందులో న్యాయమెంత ఉన్నదో విచారించి, మా అభిప్రాయాన్ని విద్యార్థినీ విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచినాము.

మన నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట ప్రాంతాలలో మామిడి తోటలను నమ్ముకొన్న కుటుంబాలు ఎన్నో ఉన్నవి. సెల్‌ఫోను చేతికొకటి వచ్చినా కంప్యూటరు మాత్రం చాలా ఇళ్ళలో ఇప్పటికీ ఒక్కటే. తండ్రిగారి తోట లెక్కలు అందులోనే ఉంటాయి: రసాలకు వచ్చినదెంత, బంగినపల్లికి వచ్చినదెంత, కోత కూలికి పోయినదెంత, ఎవరు ఎంత బాకీ. కౌలు కాగితాల నకళ్ళూ అందులోనే. వాటి పక్కన తల్లిగారి రక్తపరీక్షల నివేదిక, అందరి ఆధార్ కార్డుల నకళ్ళు, తమ్ముడి ఆటలు, డిగ్రీ చదివే కూతురి ప్రాజెక్టు. మీట నొక్కితే చాలును, అన్నీ కళ్ళంలో ఆరబోసిన ధాన్యంవలె తెరమీద కనిపిస్తాయి. చుట్టపుచూపుగా వచ్చిన మేనమామ కొడుకుకు కూడా కనిపిస్తాయి.

పూర్వపు ఇళ్ళలో ఇట్లా ఉండేది కాదు. చిట్టా, ఆవర్జా గల్లాపెట్టెలో ఉండేవి. ఇంటి పెద్ద తప్ప వేరొకరు వాటిని ముట్టేవారు కారు. కాపురానికి వచ్చిన కోడలు తన ట్రంకుపెట్టెతో వచ్చేది. దాని తాళంచెవి ఆమె కొంగు ముడిలో ఉండేది. అత్తగారు ఎంత గడసరి అయినా ఆ పెట్టెమీద చేయి వేస్తే నలుగురూ తప్పుపట్టేవారు. మగవారు లోపలి గదిలోనికి వచ్చేముందు గుమ్మం దగ్గర ఒకసారి దగ్గేవారు. ఆ దగ్గుకు అర్థం చిన్నపిల్లలకు కూడా తెలుసును. ఖుర్‌ఆన్‌లోని నూర్ అధ్యాయం ఇతరుల ఇళ్ళకు వెళ్ళేటప్పుడే గాక, ఒకే ఇంట్లో మసలేవారు సైతం విశ్రాంతి వేళలలో అనుమతి అడిగి లోపలికి రావాలని విధించినది; ఎదిగిన బిడ్డలు ఎప్పుడైనా సరే అడిగి రావాలన్నది. అట్లా అడగడం ఇంటివారి మధ్య అపనమ్మకానికి గుర్తని ఎవరూ అనుకోలేదు. పెట్టె పోయి యంత్రం వచ్చేసరికి ఆ మర్యాద ఎక్కడ జారిపోయినదో!

పాస్‌వర్డ్ దొంగలకు భయపడి పుట్టినదని చాలామంది తలపోస్తారు. వాస్తవానికి అది పుట్టినది ఉమ్మడి యంత్రం మీదనే. 1960 దశకం ఆరంభంలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బటో, ఆయన సహచరులు ఒకే కంప్యూటరును అనేకమంది ఏకకాలంలో వాడుకొనే ఏర్పాటు చేసినారు. ఒకరి ఫైళ్ళు మరొకరి కంట పడకుండా ఉండాలి గనుక ప్రతివారికీ ఒక సంకేతపదం ఇచ్చినారు. వారంతా ఒకే సంస్థకు చెందినవారు. ఎవరినీ అవమానించడానికి ఆ తాళం వేయలేదు. అన్నట్లు, 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తనకు కేటాయించిన కంప్యూటరు సమయం చాలక, పాస్‌వర్డుల జాబితా మొత్తాన్ని అదే యంత్రంచేత అచ్చు వేయించుకొన్నాడు. విద్యార్థులు ఏ దేశంలోనైనా విద్యార్థులే!

ఇక న్యాయస్థానాల మాట. ఇందుకు మన రాష్ట్రపు వ్యాజ్యమే ఒకటి ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణ ద్వారా స్టాంపుల చట్టపు 73వ సెక్షనును మార్చి, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా బ్యాంకులలోని కాగితాలను సైతం తనిఖీ చేయవచ్చునన్నారు. వ్యవహారం హైకోర్టుకు చేరినది. ఆ సవరణ చెల్లదని హైకోర్టు తీర్పు చెప్పినది. హైదరాబాదు కలెక్టరు, కెనరా బ్యాంకు వాద ప్రతివాదులుగా నడిచిన అప్పీలులో 2004 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే సమర్థించినది. ఏకాంతపు హక్కు మనుష్యులకు సంబంధించినది గాని స్థలాలకు సంబంధించినది కాదని, తన కాగితం బ్యాంకు చేతిలో ఉన్నంతమాత్రాన ఖాతాదారు ఆ హక్కును కోల్పోడని ఆ తీర్పు సారాంశం. బీరువా బ్యాంకుది; అందలి ఆంతరంగికత ఖాతాదారుది. ఇదే న్యాయాన్ని మన నట్టింటికి తెచ్చి చూడండి. కంప్యూటరును తండ్రి కొన్నాడు, కాదనము. అందులో కూతురు వ్రాసికొన్నది కూతురిదే.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకాంతాన్ని ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా గుర్తించినది. అయితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఒక వ్యక్తి తన స్వంత లేదా గృహ అవసరాలకై సమాచారాన్ని వాడుకొనడం తన పరిధిలోనికి రాదన్నది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం యంత్రపు యజమాని అనుమతి ఉన్నదా లేదా అని అడుగుతుంది. వ్రాసికొన్న మనిషి అనుమతి సంగతి అడగదు. కనుక అన్న చెల్లెలి ఫైలు తెరిస్తే ఈ చట్టాలను పట్టుకొని ఎవరూ మన గడప తొక్కరు. ఆ పని ఇంటివారే చూచుకోవాలి.

మా విద్యార్థిని ఒకరు కథలు చక్కగా వ్రాసేది. ఇంటి కంప్యూటరులోనే వ్రాసికొని, అచ్చు తీసి మాకు చూపేది. ఒక సెలవులలో అన్నగారి స్నేహితులు ఆ ఫైలు తెరచి, నవ్వుకొంటూ నలుగురిలో పైకి చదివినారట. కథలో ఒక యువకుడు ఉన్నాడు. ఆ యువకుడు ఎవరని ఇంట్లో విచారణ మొదలైనది. కథలోని యువకుడు కథలోని యువకుడే. ఆ మాట వినేదెవరు? ఆ అమ్మాయి ఇప్పుడు పరీక్షలు బాగా వ్రాస్తున్నది, మార్కులు కూడా బాగానే వస్తున్నవి. కథ అడిగితే మాత్రం "టైము లేదు సార్" అంటున్నది. ఈ సంచికలో ఆమె కోసం నాలుగు పుటలు ఉంచదలచినాము. అవి వేరే రచనలతో నిండినవి.

విద్యార్థులు తాళమని భ్రమపడుతున్న వాటిని గురించి కూడా రెండు మాటలు. ఫైలును కనిపించకుండా దాచే ఏర్పాటు తాళం కాదు. దుప్పటి కప్పడమే, ఎవరైనా తొలగించవచ్చు. యంత్రం తెరిచేటప్పుడు అడిగే పాస్‌వర్డ్ గుమ్మపు గొళ్ళెం వంటిది. డిస్కు మొత్తాన్ని సంకేతలిపిలో ఉంచే ఏర్పాటు లేకపోతే, మరమ్మతు దుకాణంలో ఆ డిస్కును ఊడదీసి వేరొక యంత్రానికి తగిలించినవాడు సర్వం చదువగలడు. ఇంట్లో ప్రతివారికీ వేరువేరు ఖాతాలు తెరవడం మొదటి మెట్టు. అయినా నిర్వాహక ఖాతా ఎవరి చేతిలో ఉంటే వారు తక్కిన ఖాతాలలోనికి చొరబడగలరు. నిజంగా ఆంతరంగికమైన ఫైలుకు దానికే ప్రత్యేకంగా పాస్‌వర్డ్ పెట్టాలి. నేటి వర్డ్, ఎక్సెల్ వంటివాటిలో ఆ సౌకర్యం ఉన్నది. సెవెన్-జిప్ అనేది ఉచితంగానే దొరుకుతుంది. వీటితో ఫైలులోని అక్షరాలన్నీ సంకేతలిపిలోనికి మారిపోతాయి. గట్టి పాస్‌వర్డ్ పెట్టి దానిని మరచిపోతే ఆ ఫైలు మీద ఆశ వదులుకోవలసినదే.

ఈ చివరి సంగతిని తోటల లెక్కలు చూచే పెద్దలు ప్రత్యేకంగా గమనించాలి. పూత సమయంలో ఇచ్చిన బయానాలు, రావలసిన బాకీలు ఒక్క పాస్‌వర్డ్ వెనుక ఉండి, ఆ పాస్‌వర్డ్ తెలిసిన ఒక్క మనిషికి జరగరానిది జరిగితే ఆ కుటుంబం ఎవరిని అడగాలి? కాగితంమీద వ్రాసి, కవరులో పెట్టి, అతికించి, ఇల్లాలి బీరువాలో ఉంచడం వివేకం. అతికించిన కవరును ఎవరైనా తెరిస్తే తెలిసిపోతుంది. తాళంలోని మర్యాద పోదు, ఆపదలో దారీ మూసుకొనిపోదు.

తొమ్మిదేళ్ళ బాలుడు ఏమి చూస్తున్నాడో తల్లిదండ్రులు చూడవలసినదే; అందులో మాకు సందేహం లేదు. మేము వాదిస్తున్నది ఓటుహక్కు వచ్చిన వయస్సువారిని గురించి. తన ఓటు ఎవరికి వేసినదో చెప్పనక్కరలేని పౌరురాలు, తన కథ ఎవరికి చూపాలో నిర్ణయించుకోలేదా?

కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. మొదటి సంవత్సరం విద్యార్థులకు కంప్యూటరు ప్రయోగశాలలో తొలిపాఠంగా, వేరు ఖాతా తెరవడం, ఫైలుకు తాళం వేయడం, ఇతరుల ఫైలు ముట్టుకొనే ముందు అడగడం నేర్పించండి. వీలైతే ఆ రోజు తల్లిదండ్రులను కూడా ఆహ్వానించండి. తెలుగులోనూ ఉర్దూలోనూ చెప్పడానికి మా శాఖవారు సిద్ధంగా ఉన్నారు. ఇందుకు ఒక గంట చాలును. కాపు ముగిసి, ఇళ్ళలో తోటల లెక్కలు తేల్చుకొనే రోజులలో పెట్టుకొంటే తండ్రులు కూడా తప్పక వస్తారు.