వెనక అద్దం జోలికి పోను
నల్లగొండలో మా కిటికీ పక్కనున్న గప్పీ చేపల తొట్టికి మార్చి రాగానే పచ్చగా పాచి పట్టేది. అందరూ బోరు నీళ్లనే తిట్టేవాళ్లు. ఫ్లోరైడ్‌కు పేరు మోసిన ఊరు కదా, ఏ పాపమైనా దాని నెత్తినే! నిజానికి సున్నం తేలే ఆ నీళ్లంటే గప్పీలకూ మోలీలకూ ప్రాణం. తప్పు ఎండది, మనం గుప్పిళ్లతో వేసే మేతది. తొట్టిని లోపలి గోడవారకు జరిపి, లైటు ఏడెనిమిది గంటలకు తగ్గించి, చెరువు హైడ్రిల్లా నాలుగు కాడలు బాగా కడిగి వేశాను. పాచికి దక్కాల్సిన నైట్రేటును అదే లాగేసుకుంటోంది. ముందు అద్దం గీకుతాను. వెనకది మాత్రం ముట్టను, చూసినవాళ్లు బద్ధకమనుకున్నా సరే. ఆ పాచిలో కంటికి ఆనని జీవాలుంటాయి. నిన్న పుట్టిన పిల్లలు పొద్దంతా అక్కడే మూతులు ఆనించి మేస్తుంటాయి. పాచి చావాలని మందు పోస్తే ఆ మేతా పోతుంది, రాగి కలిసిన మందైతే తొట్టిలోని నత్తలూ చస్తాయి.